లేత వయస్సు – మద్యపానం: ఒక వైద్యుని ఆత్మవిమర్శ

ప్రతి సంవత్సరమూ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజులలోను, జనవరి మొదటి తేదీన తెల్లవారుజామునను, పెళ్ళిళ్ల కాలంలోను నన్ను ఒకే ప్రశ్న అడుగుతూ ఉంటారు. “పిల్లవాడు తెలియక తాగివచ్చాడు. ఎవరికీ తెలియకుండా నిషా దిగడానికి ఇంట్లో ఏమి పెట్టాలి?” అడిగేవారు సామాన్యంగా తల్లులు. గొంతు తగ్గించి అడుగుతారు. వంటింటి వైద్యాన్ని నమ్మి ఇటువంటి పత్రికలు చదివే పాఠకులకు నా సమాధానం కొంత నిరాశ కలిగించవచ్చు. ఆ నిషాను దించే చిట్కా ఏదీ లేదు. మజ్జిగ దించదు, నిమ్మరసం దించదు, చింతపండు నీళ్లు దించవు, కాఫీ దించదు, తలమీద పోసే చన్నీళ్లు దించవు. ఈ సమాధానాన్ని నేను ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. ఒక బిడ్డ ప్రాణంమీదికి తెచ్చి నేర్చుకున్నాను. ఆ సంగతి దాచుకోకుండా చెప్పడమే ఈ వ్యాసం వ్రాయడంలో నా ప్రథమోద్దేశం.

2011 వేసవి. ఇంటర్ ఫలితాలు వచ్చిన రాత్రి పదకొండు గంటలు దాటిన తరువాత ఫోను మ్రోగింది. మూడు తరాలుగా మా ఇంటి మందు వాడే కుటుంబం వారిది. పదిహేడేళ్ల అబ్బాయి ఒక్క సబ్జెక్టులో తప్పాడు. మధ్యాహ్నం అన్నం ముట్టకుండా ఇంట్లోనుంచి వెళ్లిపోయాడు. సాయంత్రం స్నేహితులు మామిడితోటలో కూర్చోబెట్టి, శీతల పానీయపు సీసాలో బ్రాందీ కలిపి ఇచ్చారు. రాత్రి మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తెచ్చి, వీధి అరుగుమీద దింపి వెళ్లిపోయారు. తండ్రి ఊళ్లో లేడు. “ఆసుపత్రికి తీసుకువెడితే ఊరంతా తెలిసిపోతుంది, శాస్త్రిగారూ! వాడికి ఇంకా చదువు ఉంది. మీరే ఏదైనా చెప్పండి” అన్నది ఆ తల్లి. నేను నిద్రమత్తులోనే, “పుల్లని మజ్జిగలో నిమ్మరసం, ఉప్పు కలిపి పట్టించమ్మా, వాంతి అయితే మంచిదే. తెల్లవారేసరికి తేరుకుంటాడు” అన్నాను. కోతల రోజులలో ఎంతమంది కూలీలకు అదే చెప్పలేదు? వారందరూ తెల్లవారి లేచి పనికి పోలేదా? నా ధైర్యం అంతమాత్రమే. పిల్లవాడు పిలిస్తే పలుకుతున్నాడా అని కూడా నేను అడగలేదు.

అతడు పలకడం లేదట. బామ్మగారు తల ఎత్తిపట్టుకుంటే తల్లి గ్లాసుతో మజ్జిగ నోట్లో పోసింది. సగం లోపలికి పోయింది. ఆ సగంలో కొంత అన్నవాహిక విడిచి శ్వాసమార్గంలోకి దిగింది. తెల్లవారుజామున గొంతులో గురగుర శబ్దం, పెదవులు నలుపు. అప్పుడు 108 వాహనం వచ్చింది. పట్టణంలోని ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాడు. అందులో రెండు రోజులు యంత్రం ఊపిరి పోసింది. చేర్చుకునేటప్పటికి రక్తంలో చక్కెర కూడా బాగా పడిపోయి ఉన్నదని అక్కడి వైద్యురాలు చెప్పారు. ఆమె, “మజ్జిగ పట్టమని ఎవరు చెప్పారు?” అని అడిగినప్పుడు ఆ తల్లి నా పేరు చెప్పలేదు. పక్కనే నిలబడి ఉన్న నేనే చెప్పుకున్నాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

పిల్లవాడు బ్రతికాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. కాని ఆ రాత్రి నేను చేసిన పొరపాటు మజ్జిగ ఒక్కటే కాదని నాకు తరువాత అర్థమయింది. రోగి ఎవరు, వయస్సెంత, ఏమి తిన్నాడు, ఎంత తాగాడు, స్పృహ ఉన్నదా అని అడగవలసిన వైద్యుడు, ముందు ఆ ఇంటి పరువును గురించి ఆలోచించాడు. వయస్సు, అగ్ని, బలము, కాలము చూడకుండా మందు చెప్పరాదని నాకు పదమూడవ యేటినుంచి వల్లె వేయించిన పాఠం ఆ ఒక్క నిమిషంలో గాలికి పోయింది.

వయస్సు దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే ఉంది. “పెద్దవాళ్లు తాగితే లేని అపాయం పిల్లలకు ప్రత్యేకంగా ఏమిటి?” అని అడిగేవారున్నారు. చరకుడు విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో వయస్సును విభజిస్తూ, పదహారేళ్లవరకు ధాతువులు పరిపక్వం కాని బాల్యమన్నాడు. అక్కడితో ఆగక, ముప్పై ఏళ్లవరకు ధాతుగుణాలు ఇంకా వృద్ధి చెందుతూనే ఉంటాయనీ, మనస్సు స్థిరపడి ఉండదనీ కూడా చెప్పి, ఆ కాలాన్ని సైతం బాల్యంలోనే చేర్చాడు. సుశ్రుతుడు ఇరవై ఏళ్లవరకు వృద్ధి దశ అన్నాడు. చిన్నప్పుడు ఈ భాగం చదివినప్పుడు, ముప్పై ఏళ్లవాడు బాలుడేమిటని మేము నవ్వుకున్నాము. గురువుగారు నవ్వలేదు. “మీకు పిల్లలు పుట్టి పెరిగినప్పుడు తెలుస్తుంది” అన్నారు.

మెదడులో ముందుచూపును, నిగ్రహాన్ని, మంచిచెడుల తూకాన్ని నడిపే ముందుభాగం ఇరవై ఐదేళ్ల ప్రాయం వరకు రూపొందుతూనే ఉంటుందని నేటి శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. దీనిని చూపి, మన ఋషులు మెదడు చిత్రాలు ముందే తీసి చూశారని నేను అనను. అటువంటి గొప్పలు మన శాస్త్రానికి గౌరవం తీసుకురావు. వారు మనుషులను శ్రద్ధగా చూశారు, చూసినది వ్రాశారు, అంతే. కాని వేరువేరు దారులలో వచ్చిన ఇద్దరు ఒకే గుమ్మం దగ్గర కలిసినప్పుడు ఆ గుమ్మాన్ని కొంచెం జాగ్రత్తగా చూడవలసి ఉంటుంది.

ఎదుగుతున్న మెదడుకు మద్యం రెండు విధాల ద్రోహం చేస్తుంది. పెద్దవాడు కొంత తాగేసరికి నిద్ర ముంచుకొస్తుంది, కాళ్లు తడబడతాయి. శరీరమే “ఇక చాలు” అని చెబుతుంది. కౌమారంలో ఈ హెచ్చరిక ఆలస్యంగా, బలహీనంగా వస్తుందని జంతువులపై జరిగిన పరిశోధనలు చూపాయి. అదే వయస్సులో జ్ఞాపకశక్తికి తగిలే దెబ్బ మాత్రం ఎక్కువగా ఉంటుందని కూడా అవే పరిశోధనలు చెప్పాయి. అంటే ఆపవలసిన చోట ఆపే కళ్లెం లేదు, చదువుకు కావలసిన ధారణకు మాత్రం గాయం. మావాడు నాలుగు గ్లాసులు తాగినా నిలబడగలిగాడని స్నేహితులు మెచ్చుకుంటారు. అది బలం కాదు. గంట మ్రోగవలసిన చోట మ్రోగకపోవడం.

రెండవది అలవాటు. 1997లో అమెరికాలో ప్రకటించిన ఒక పెద్ద సర్వేలో, పదిహేనేళ్లు నిండకముందే తాగడం మొదలుపెట్టినవారిలో నూటికి నలభైమంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలైనట్లు తేలింది. ఇరవై, ఇరవై ఒకటి దాటి మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య పది. ఇందులో కుటుంబ పరిస్థితులకు, వంశ స్వభావానికి కూడా పాలు ఉండవచ్చు. అది కాదనను. అయినా, మొదటి గుటకను అయిదారేళ్లు వెనక్కి నెట్టగలిగితే ఒక బిడ్డ జీవితం ఏ వైపు మొగ్గుతుందో తల్లిదండ్రులు ఆలోచించుకోవచ్చు.

ఇక మా అబ్బాయికి చక్కెర ఎందుకు పడిపోయింది? ఆహారం లేనప్పుడు కాలేయం తన నిల్వనుంచి కొంత చక్కెరను, కొత్తగా తయారుచేసి మరికొంతను రక్తంలోకి పంపుతూ ఉంటుంది. మద్యం లోపలికి వచ్చినప్పుడు దాన్ని విరిచే పనిలో పడి, కొత్త చక్కెర తయారీ కుంటుపడుతుంది. పెద్దవారికంటె పిల్లలలో నిల్వ తక్కువ. పైగా ఆ రోజు అతడు ఉదయంనుంచి ఉపవాసం. మత్తుగా పడి ఉన్నాడని మనం అనుకుంటూ ఉండగానే చక్కెర అడుగంటి మూర్ఛ వస్తుంది. చూసేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నాడి పట్టుకుని చూసినా తేడా చెప్పడం కష్టం. ఇంత అనుభవం ఉన్న నేను ఈ మాట ఒప్పుకుంటున్నాను.

పరిమాణం సంగతి కూడా చెప్పాలి. క్వార్టరు అని పిల్లలు తేలికగా పిలిచే 180 మిల్లీలీటర్ల సీసాలో నూటికి దాదాపు 43 పాళ్లు మద్యసారమే. అంటే సుమారు 77 మిల్లీలీటర్లు. ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి కాలేయం కూడా గంటకు పది మిల్లీలీటర్లకు అటూ ఇటూగా మాత్రమే దీనిని విరవగలదు. ఏ మజ్జిగ, ఏ కషాయం ఈ వేగాన్ని పెంచలేవు. ఏడెనిమిది గంటలు పట్టవలసిందే. కుర్రవాళ్లు దీనిని తియ్యని శీతల పానీయంలో కలిపి, అరగంటలో పందెం వేసుకుని తాగుతారు. నాలుకకు ఘాటు తెలియదు. తెలిసేసరికి లోపలికి పోవలసినదంతా పోయి ఉంటుంది.

ఇక్కడ నా తోటి వైద్యులతోనూ, కొంత శాస్త్రం చదివిన పెద్దలతోనూ నాకు ఒక తగవున్నది. “చరకుడే మద్యాన్ని మెచ్చుకున్నాడు గదా” అనే మాట పెళ్ళి విందులలో చాలాసార్లు విన్నాను. నిజమే, చికిత్సాస్థానం ఇరవై నాలుగవ అధ్యాయంలో, విధిగా, మితంగా, హితమైన ఆహారంతో, తగినవాడు తగిన కాలంలో సేవించిన మద్యానికి ప్రశంస ఉంది. ఆ నాలుగు షరతులను వదిలేసి ప్రశంసను మాత్రం పట్టుకుంటారు. అదే అధ్యాయంలో మద్యానికి పది గుణాలు చెప్పి, అవి ఓజస్సుకున్న పది గుణాలకు సరిగ్గా విరుద్ధమని చూపించాడు. ఓజస్సు గురువు, మద్యం లఘువు. అది శీతం, ఇది ఉష్ణం. అది మృదువు, ఇది తీక్ష్ణం. అది స్థిరం, ఇది క్షణంలో పాకేది. ఇలా పదింటికి పది. మూడు మదావస్థలను వర్ణిస్తూ, మూడవ అవస్థలో పడినవానిని విరిగిన కొయ్యతో పోల్చాడు. ఆ రాత్రి అరుగుమీద దింపి వెళ్లిన బిడ్డ అవస్థ అదే. ఓజస్సు ఇంకా కూడబెట్టుకుంటున్న వయస్సులో దానికి పది విధాల శత్రువైన ద్రవ్యాన్ని ఇవ్వడానికి ఆ ప్రశంసను ఎలా వాడుకుంటారో నాకు తెలియదు.

సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో పానాత్యయాన్ని చెబుతూ, ఎటువంటివాడు తాగితే వికారాలు పుడతాయో ఒక వరుస ఇచ్చాడు. కోపంతో ఉన్నవాడు, భయపడినవాడు, దప్పిక గొన్నవాడు, శోకంతో కుమిలేవాడు, ఆకలితో ఉన్నవాడు, అలసినవాడు. మన పిల్లలు తాగేది సరిగ్గా ఈ స్థితులలోనే! పరీక్ష తప్పితే శోకం, తండ్రి తిడితే కోపం, ఇంటికి పోవాలంటే భయం, ఉదయంనుంచి పస్తు. ఆ వరుస చదువుతున్నప్పుడు నాకు ఆ పిల్లవాడే కళ్లముందు కనిపిస్తాడు. ఇంతకూ ఆనాటి మద్యం పులియబెట్టిన ద్రాక్ష, బెల్లం, పిండి రసాలు. నేడు దుకాణంలో సీసాలో దొరికే బట్టీ పట్టిన సరుకును గురించి ఆ ప్రశంస వ్రాయబడలేదు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి హాని చేయని మద్యపు మోతాదంటూ ఏదీ లేదని ప్రకటించింది. పెద్దల సంగతి పెద్దలు చూసుకుంటారు. పిల్లల విషయంలో వాదించడానికి ఏమీ మిగలలేదు.

అయితే పిల్లవాడికి మొదటి గుటక ఎవరిస్తారు? చెడ్డ స్నేహితులని అందరమూ అంటాము. నేను చూసినంతలో చాలామందికి మొదటి గుటక ఇంట్లోనే అందింది, అదీ ప్రేమతోనే. పసిబిడ్డకు జలుబు చేస్తే చెంచాడు బ్రాందీ పాలలో కలిపి పట్టే ఇళ్లు నేటికీ ఉన్నాయి. చంటిబిడ్డకు అది కఫాన్ని కరిగించదు. ఊపిరిని మందగింపజేస్తుంది, చక్కెరను పడగొడుతుంది. తులసి, శొంఠి చేతికందేంత దగ్గరలో ఉండగా బ్రాందీ ఎందుకో నాకు అర్థం కాదు. పండుగనాడు తాతగారు ముంతలో మిగిలిన కల్లు మనుమడి నోటికి అందించి, మొహం చిట్లిస్తే అందరూ నవ్వడం మరొకటి. తెల్లవారుజామున చెట్టునుంచి దించిన నీరా తియ్యని రసం. అది కొన్ని గంటలలోనే పులిసి కల్లవుతుంది. ఆ రెంటికీ ఉన్న తేడాను పిల్లవాడి నాలుకతో పరీక్షించవద్దు. పైగా నేడు అమ్మే కల్లంతా చెట్టుదేననే నమ్మకం లేదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో అది అలవాటైనవారు వందల సంఖ్యలో మూర్ఛలతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రులలో చేరారు. అందులో డయాజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలిపేవారు. అటువంటి కల్లు నాలుగు గుక్కలు ఒక బాలుడి దేహంలో ఏమి చేస్తుందో వేరే చెప్పాలా?

ఇంకొకటి, ఎవరూ తప్పుగా భావించనిది. తండ్రి కొడుకును దుకాణానికి పంపి సీసా తెప్పించుకోవడం, గ్లాసు, మంచునీళ్లు అందించమనడం. పన్నెండేళ్లవాడు ఆ పని చేస్తూ ఏ బ్రాండు ఖరీదెంతో, ఏది గౌరవమో నేర్చుకుంటాడు. మన ఉభయ రాష్ట్రాలలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను ప్రకారం 18 ఏళ్లలోపు బిడ్డకు మత్తు పానీయం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జుల్మానా విధించవచ్చు. ఆ చట్టం తండ్రికీ, మేనమామకూ, తాతకూ మినహాయింపు ఇవ్వలేదు. అర్హుడైన వైద్యుని ఆదేశానికి మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ఈ ఒక్క వాక్యం నన్ను చాలా రోజులు వెంటాడింది. చట్టం నమ్మి నా చేతికి ఇచ్చిన తాళంచెవి అది. దాన్ని నేను ఎలా వాడుతున్నాను?

అందుచేత ఆసవారిష్టాల సంగతి చెప్పక తప్పదు. ఇది కొందరు వైద్యమిత్రులకు రుచించదని తెలుసు. ద్రాక్షాసవం, దశమూలారిష్టం, అశ్వగంధారిష్టం వంటివి పులియబెట్టి చేసే మందులు. వాటిలో తమంతట తాముగా పుట్టిన మద్యసారం సామాన్యంగా నూటికి అయిదు మొదలు పది పాళ్ల వరకు ఉంటుంది. సీసామీద ఆ సంగతి వ్రాసి ఉంటుంది కూడా. ఎనిమిది పాళ్లు అనుకుంటే, పెద్దవాడి మోతాదైన 15 మిల్లీలీటర్లలో మద్యసారం 1.2 మిల్లీలీటర్లే. దానిని సమానంగా నీళ్లు కలిపి, భోజనానంతరం ఇస్తాము. కాబట్టి మందుగా వాడినంతవరకు గాభరా పడవలసిన పని లేదు. ఆసవారిష్టాలను సారాయితో సమానం చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కాని నా దగ్గరే ఒక సంఘటన జరిగింది. ఆకలి లేదని తొమ్మిదవ తరగతి బాలుడికి నేనిచ్చిన ద్రాక్షాసవాన్ని వాడు స్నేహితులకు “ఇది కూడా కిక్కే” అని చూపించి, ఒక మధ్యాహ్నం 450 మిల్లీలీటర్ల సీసా తానొక్కడే ఖాళీ చేశాడు. లెక్క చూస్తే 36 మిల్లీలీటర్ల మద్యసారం. ఒక పెద్ద బీరు సీసాలో ఉన్నదానికంటె తక్కువేమీ కాదు. సీసా నాది, చీటీ నాది, చేతివ్రాత నాది. ఆ బాలుడికి చిటికెడు శొంఠి, సైంధవ లవణం, అన్నంలో మొదటి ముద్దకు కాస్త నెయ్యి సరిపోయి ఉండేవి.

అప్పటినుంచి పద్దెనిమిదేళ్లలోపు వారికి ఆసవారిష్టాలు వ్రాయడం మానుకున్నాను. చూర్ణం, లేహ్యం, కషాయం, ఘృతం ఉండగా మరొక దారి వెతకవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు. పెద్దలకు ఇచ్చినప్పుడు కూడా సీసాను బీరువాలో పెట్టి తాళం వేసుకోమని చెబుతున్నాను. దుకాణదారులు చీటీ లేకుండా టానిక్కు అని చెప్పి విద్యార్థులకు అమ్మడం మానుకుంటే ఎంతో మేలు. “మావి మూలికలే గదా, ఏమీ కావు” అనే ప్రకటనలు మన శాస్త్రానికి శత్రువులు చేసేదానికంటె ఎక్కువ చెరుపు చేస్తున్నాయి.

ప్రభుత్వాల మాట ఎత్తకపోతే కొందరు వెలితిగా భావిస్తారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న స్త్రీలు సారాపై తిరగబడిన రోజులు నాకు బాగా జ్ఞాపకం. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఆ స్త్రీలకు చేతులు జోడిస్తాను. కాని వచ్చీ పోయే చట్టాలకోసం బిడ్డ వయస్సు ఆగదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం పది నుంచి పదిహేడేళ్లలోపు పిల్లలలో మద్యం వాడేవారు నూటికి 1.3 మంది. గుమ్మంలోకి వచ్చిన అపరిచితుడు అడిగితే ఏ బిడ్డ నిజం చెబుతాడు? ఏ తల్లి చెప్పనిస్తుంది? అసలు సంఖ్య ఎక్కువే అయి ఉంటుందని నా అభిప్రాయం.

పిల్లవాడు తాగి ఇంటికి వచ్చిన రాత్రి ఏమి చేయాలో ఇప్పుడు చెబుతాను. ముందు, కోపాన్ని తెల్లవారేవరకు వాయిదా వేయండి. పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజం తట్టండి. కళ్లు తెరిచి సరిగా బదులు చెబితే కూర్చోబెట్టి, ఒంటరిగా వదలకుండా కనిపెట్టి ఉండండి. తానై మ్రింగగలిగితేనే కొద్దికొద్దిగా నీళ్లు, చక్కెర కలిపినవి, ఇవ్వవచ్చు. బదులు చెప్పకపోతే నోట్లో ఏమీ పోయకండి, చుక్క నీరు కూడా వద్దు. వాంతి చేయించకండి. కఫజ మదాత్యయానికి శాస్త్రంలో వమనం చెప్పిన మాట నిజమే. కాని అది తెలివి ఉన్నవానికి, వైద్యుని ఎదుట చేయించేది. స్పృహ లేనివాడిని వెల్లకిలా పడుకోబెట్టరాదు. ఒక ప్రక్కకు త్రిప్పి, పైకాలు మోకాలి దగ్గర వంచి, నోరు కొంచెం నేలవైపు ఉండేటట్లు పడుకోబెట్టండి. వాంతి అయినా బయటికి పోతుంది. ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి ఎనిమిదికంటె తక్కువైనా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు గడిచినా, ఒళ్లు చల్లబడినా, పెదవులు నీలం తిరిగినా, ఫిట్సు వచ్చినా, లేపితే లేవకపోయినా 108కి ఫోను చేయండి. ఏమి తాగాడో, ఎంత తాగాడో, ఎప్పుడు తాగాడో వైద్యునికి దాచకుండా చెప్పండి. స్నేహితులను భయపెట్టి పంపివేయక, అడిగి తెలుసుకోండి. ఆ నిమిషంలో వారికంటె సమాచారం తెలిసినవారు లేరు. మరునాడు గుచ్చి గుచ్చి అడిగితే వారు మరొకసారి మీ ఇంటి దాకా తీసుకురారు, తోటలోనే వదిలి పోతారు.

ఒక్కసారి తప్పటడుగు వేసినవాడు వేరు, తరచుగా తాగుతున్నవాడు వేరు. చదువులో వెనకబడడం, డబ్బు మాయం కావడం, సాయంత్రమయ్యేసరికి చిరాకు, చేతులు వణకడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ప్రతిరోజూ తాగే స్థితికి వచ్చినవానిని గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించాలని చూడడం ప్రమాదం. ఫిట్సు రావచ్చు. అది ఆసుపత్రిలో చేయవలసిన పని. మత్తుపదార్థాలను మాన్పించడానికి జాతీయ ఉచిత ఫోను 14446, మనోవేదనలకు టెలిమానస్ 14416 ఉన్నాయి. పేరు చెప్పకుండా కూడా మాట్లాడవచ్చు. తరువాత నిద్ర, ఆకలి, బలం తిరిగి తెచ్చుకోవడంలో మా వైద్యానికి చేయగలిగిన పని ఎంతో ఉంది. పాలు, నెయ్యి, ఖర్జూరం, అభ్యంగనం, వేళకు నిద్ర వంటివన్నీ అప్పుడు పనికి వస్తాయి. ఆ రాత్రికి మాత్రం పనికి రావు.

గత దసరాకు ఆ అబ్బాయి భార్యతో, చిన్న కూతురితో మా ఇంటికి వచ్చాడు. “మావయ్యగారూ, పాపకు జలుబు, కొంచెం బ్రాందీ రాయమని మా అత్తగారి తరఫువాళ్లు అంటున్నారు, ఏం చేయమంటారు?” అన్నాడు. ఛాతీకి ఆవనూనె గోరువెచ్చగా రాసి, తల్లిపాలు ఎప్పటిలాగే ఇవ్వమని, ఎగశ్వాస కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పాను. ఒంటికి రాయడానికి వద్దు, నోటికి అసలే వద్దు, ఆ సీసా ఇంట్లో ఉంచవద్దు అని కూడా చెప్పాను. సీసా పారబోశానని మరునాడు ఫోను చేశాడు.

ఆసవారిష్టాలపై నేను వ్రాసినదానితో ఏకీభవించని వైద్యమిత్రులు తమ అనుభవాలు వ్రాస్తే శ్రద్ధగా చదువుతాను. వ్రాయబోయే ముందు చరక విమానస్థానంలో వయస్సును గురించి ఉన్న ఆ నాలుగు పంక్తులు ఒకసారి తీసి చూడవలసిందిగా మనవి.